ఆరు ఊళ్ల రెక్టరమ్మకు మామయ్య రాయునది

డోర్నకల్
సెప్టెంబరు 14

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "దానికి ఆరు చర్చిలు అప్పజెప్పారట్రా తమ్ముడూ, ఒక్కత్తే ఎట్లా చూసుకుంటుంది" అని ఒకటే టెన్షన్. "ఆరు ఒక లెక్కా అక్కా, మన నాన్న పద్నాలుగు ఊళ్లు చూసుకోలేదా, అదీ సైకిల్ మీద" అని ధైర్యం చెప్పి పెట్టేశాను. పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం. వాట్సాప్‌లో రాస్తే నువ్వు బొటనవేలు బొమ్మ ఒకటి పంపి ఊరుకుంటావు.

ఇంగ్లండులో దక్షిణ ష్రాప్‌షైర్ అంది. నేను పదకొండేళ్లు వికర్‌గా, అంటే పాస్టరుగా, ఉన్న హియర్‌ఫర్డ్‌షైర్‌కి ఆనుకునే ఉంటుంది. రెండూ ఒకే డయాసిస్, అంటే ఒకే బిషప్ కిందివి. కొండలు, గొర్రెలు, ఆ వైపు వేల్స్. లెస్టర్‌లో నీకు ఒక చర్చి, ఇంటి ముందు బస్సు, వీధి చివర దోసెల హోటలు. అక్కడ అవేవీ ఉండవు, ముందే చెప్తున్నా.

పొద్దున్నే లేచి మన కెతీడ్రల్ దాకా నడిచి మెట్ల మీద కూచున్నాను. 1841లో నోబుల్ దొర, ఫాక్స్ దొర మిషనరీలుగా ఇంగ్లండు నుంచి వచ్చి మచిలీపట్నంలో దిగారు. 1912లో అజరయ్య గారు మన డోర్నకల్ బిషప్ అయ్యేదాకా వాళ్ల ఆంగ్లికన్ సభలో భారతీయ బిషప్పే లేడు. ఇప్పుడు మా అక్క కూతురు వాళ్ల ఊళ్లకే అయ్యగారుగా, కాదు అమ్మగారుగా, పోతోంది కదా అనుకుంటే కళ్లు చెమ్మగిల్లాయి. కానీ ఈ మాట అక్కడ ఎవరితోనూ అనకు. నేను నా మొదటి ప్రసంగంలోనే అన్నాను. అయిపోయాక ఒక పెద్దాయన చెయ్యి కలిపి "వెరీ ఇంట్రెస్టింగ్" అన్నాడు. మెచ్చుకున్నాడనుకుని ఇంటికొచ్చి మీ అత్తయ్యకి గొప్పలు చెప్పాను. అక్కడ ఇంట్రెస్టింగ్ అంటే మెప్పు కాదని తెలియడానికి ఏడాది పట్టింది.

ఆడమనిషి అని ఎవరైనా ముఖం చిట్లిస్తే బాధపడకు. అక్కడ ఆడవాళ్లకి గురువు అభిషేకం ఇచ్చిందే 1994లో. బిషప్‌ని చేసింది 2015లో. మన నంద్యాలలో పుష్పలలిత గారు 2013లోనే బిషప్ అయ్యారు. ఈ ముక్క మాత్రం సమయం చూసి చెప్పు, టీ తాగేటప్పుడు.

తేలిక సంగతులు ముందు చెప్పేస్తాను. చర్చి బాగోగులు చూసే చర్చివార్డెన్లు ఊరికి ఇద్దరు చొప్పున పన్నెండు మంది ఉండాలి. ఇద్దరూ దొరకని ఊరు ఒకటైనా ఉంటుంది, ముందు ఆ ఊరికే వెళ్లు. వాళ్ల పేర్లతో పాటు వాళ్ల కుక్కల పేర్లు కూడా నేర్చుకో. ఊరికో పీసీసీ, అంటే చర్చి కమిటీ, ఉంటుంది. ఇది మీ నాన్నకి విడమరిచి చెప్పు. నేను "ఇవాళ పీసీసీ మీటింగు బావా" అంటే కాంగ్రెస్‌లో చేరానేమో అనుకున్నాడు పాపం. వార్షిక సమావేశాలు ఆరూ మే 31 లోపు అయిపోవాలి. డబ్బు నీ చేత్తో ముట్టుకోకు, లెక్కలు చదవకుండా సంతకం పెట్టకు. ఫ్యాకల్టీ అంటే మనకి కాలేజీ లెక్చరర్లు, అక్కడ చర్చిలో మార్పులు చేయడానికి డయాసిస్ ఇచ్చే అనుమతి. బెంచీలు తీసేయాలన్నా అది కావాలి. చిన్నవాటికి బిషప్ కింద పనిచేసే ఆర్చ్‌డీకన్ ఉత్తరం సరిపోతుంది. ఏది చిన్నదో ఏది పెద్దదో నువ్వే తేల్చుకోకు, అడుగు. గబ్బిలాలు ఉంటే వాటి జోలికి పోకు, 1981 నాటి చట్టం వాటికి కాపలా ఉంది. వాటి రెట్ట పడకుండా ప్రభువు బల్ల మీద ఒక ప్లాస్టిక్ షీట్ కప్పి ఉంచి, ఆరాధనకు ముందు తీసెయ్.

గంట సంగతి మర్చిపోయాను. నిన్ను నియమించే సాయంత్రం నీ చేత చర్చి గంట కొట్టిస్తారు. ఎన్నిసార్లు మోగితే అన్నేళ్లు ఉంటావని ఊరి నమ్మకం. జనం పైకి ఏమీ ఎరగనట్టు కూచుని లోపల లెక్కపెడుతుంటారు. నాకీ సంగతి ఎవరూ చెప్పలేదు. మన ఊళ్లో ఆదివారం గంట కొట్టినట్టు వాయిస్తూ పోయాను. ముప్ఫై దాటాక వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. నువ్వు ఏడో ఎనిమిదో కొట్టి ఆపు. తాడు వదిలేయమంటే వెంటనే వదిలెయ్, ఆ గంటలు మనిషిని పైకి లాగేస్తాయి.

ఇప్పుడు అసలు సంగతి. నవ్వకు. ఆయిల్ ట్యాంకు.

ఆ పల్లెల్లో గ్యాస్ పైపు ఉండదు. నీకిచ్చే రెక్టరీ ఇంటి వెనకాల పచ్చరంగు ట్యాంకు ఉంటుంది, దాంట్లో కిరోసిన్ లాంటి ఆయిల్ పోయించుకోవాలి, ఇల్లు వెచ్చబడేది దాంతోనే. లారీవాడు అయిదు వందల లీటర్లకు తక్కువైతే సాధారణంగా రాడు. మా మొదటి చలికాలం నేను ఆ ట్యాంకు మూత ఎత్తి చూడలేదు. క్రిస్మస్ వారంలో నేను ఊరూరా కేరల్స్ పాడిస్తూ తిరుగుతుంటే ఆయిల్ అయిపోయింది. పండగ రద్దీ, లారీ పది రోజుల దాకా రానన్నాడు. ఏలూరు ఎండల్లో పెరిగిన మీ అత్తయ్య, దుప్పట్లన్నీ కప్పుకుని వంటింట్లో ఓవెన్ తలుపు తెరిచి దాని ముందు కూచుంది. నేను రాత్రి తొమ్మిదికి వచ్చి "ఇంకా వంట కాలేదా" అన్నాను. ఆ మాట అన్నాను చూడు. అప్పుడు పట్టిన దగ్గు ఆమెకి చివరిదాకా ప్రతి చలికాలం తిరిగొచ్చింది. కాబట్టి నువ్వు ఇల్లు మారిన రోజే, సామాను విప్పకముందే, ట్యాంకు చూడు. కర్ర పెట్టి కొలువు. సగం కంటే తగ్గితే ఆ రోజే ఫోన్ చెయ్.

కారులో ఒక పార, దుప్పటి, టార్చి, బిస్కెట్లు పెట్టుకో. ఆ సందు రోడ్లు ఒక కారుకే సరిపోతాయి, రెండు పక్కలా నిలువెత్తు కంచెలు, దీపం ఉండదు, చాలాచోట్ల ఫోన్ అందదు. నీళ్లు గడ్డకట్టి రోడ్డు మీద కనపడకుండా ఉంటుంది. పీసీసీ మీటింగు రాత్రి పదింటికి అయిపోతే ఎవరో ఒకరిని "నేను ఇంటికి చేరాక ఫోన్ చేస్తా" అని అడగడానికి సిగ్గుపడకు. నువ్వు ఒంటరిగా ఉంటావు. ఇది రాస్తుంటేనే నాకు భయమేస్తోంది, మీ అమ్మకి చదివి వినిపించకు.

ఇక నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. ఇది మీ అత్తయ్యకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

2001 ఫిబ్రవరిలో ఇంగ్లండులో గాలికుంటు వచ్చింది. మన దగ్గర గాలికుంటు వస్తే డెక్కలకి మందు రాసి, గంజి పట్టి, పశువుని కాపాడుకుంటాం. అక్కడ పద్ధతి అది కాదు. ఒక్క పశువుకి సోకిందంటే ఆ పొలంలోవన్నీ చంపి కాల్చేస్తారు, తర్వాత తర్వాత పక్క పొలాల్లో సోకనివి కూడా. ఆ ఏడాది దేశం మొత్తం మీద అరవై లక్షలకు పైగా పశువులు పోయాయి. కాలిబాటలన్నీ మూసేశారు. ప్రతి పొలం గేటు దగ్గరా మందులో తడిపిన గడ్డి పరిచారు. ఎన్నికలు కూడా నెల రోజులు వెనక్కి జరిపారు.

మా ఆరు ఊళ్లలో అన్నిటికన్నా చిన్న ఊళ్లో ఒక రైతు ఉండేవాడు. ఎర్రటి ఒళ్లు, తెల్లటి మొహం, ఆ జిల్లా పేరే పెట్టుకున్న హియర్‌ఫర్డ్ ఆవులు. వాళ్ల తాత మొదలుపెట్టిన మంద. ఆయన ఆరాధనకు నెలకోసారి వచ్చేవాడు గానీ, ప్రతి శనివారం తప్పకుండా చర్చి గోపురం ఎక్కి గడియారానికి కీ ఇచ్చి వెళ్లేవాడు. ఏప్రిల్ మొదట్లో వాళ్ల పక్క పొలంలో రోగం బయటపడింది. వీళ్లవి కూడా చంపాలన్నారు. నాకు తెలిసి ఫోన్ చేశాను. "వియార్ ఆల్‌రైట్, వికర్. డోంట్ యూ కమ్ అప్" అన్నాడు. నేను సరేనన్నాను. ప్రార్థిస్తానన్నాను. ఒక ఉత్తరం రాసి పోస్టులో వేశాను. చక్కని ఉత్తరం, రెండు బైబిల్ వాక్యాలు కూడా ఉదహరించాను.

వెళ్లలేదు.

నిబంధనలు అలా ఉన్నాయి కదా అనుకున్నాను. నిజమే, ఉన్నాయి. కానీ అసలు కారణం అది కాదు. ఆరు ఊళ్లు తిరిగే మనిషిని. నల్లగా ఉంటాను, పై దేశం వాణ్ని. రేపు ఇంకో పొలానికి రోగం పాకితే "ఆ వికరే టైర్లకి అంటించుకుని తెచ్చాడు" అంటారేమోనని భయపడ్డాను. ఎవరూ అనలేదమ్మా. ఒక్కరూ అనలేదు. నాకు నేనే అనుకున్నాను. ఆ భయానికి మర్యాద అని పేరు పెట్టుకుని ఇంట్లో కూచుని ఈస్టర్ ప్రసంగం రాసుకున్నాను. మూడు రోజులు పొగ వాసన. మీ అత్తయ్య కిటికీలన్నీ మూసింది.

జూన్‌లో ఆంక్షలు సడలాక ఆ రైతు భార్య చర్చికి వచ్చింది. ద్వారం దగ్గర చెయ్యి కలిపాను, ఎలా ఉన్నారని అడిగాను. "నాట్ టూ బ్యాడ్" అంది. కాసేపాగి, "మా వంటింటి కిటికీలోంచి రోడ్డు బాగా కనిపిస్తుంది, వికర్" అంది. వెళ్లిపోయింది. నేను ఏదో మాట వరసకు అందనుకున్నాను. పోస్ట్‌మ్యాన్ చెప్పేదాకా నాకు వెలగలేదు. వాళ్ల ఉత్తరాలు గేటు దగ్గర డబ్బాలో వేసి, రోజూ అక్కడే అయిదు నిమిషాలు నిలబడేవాడట. ఆ పొద్దు తుపాకులు పేలుతున్నప్పుడు పక్క ఊరి ముసలాయన ఒకడు వచ్చి, గేటు అవతల, రోడ్డు మీద, టోపీ తీసి చేత్తో పట్టుకుని మధ్యాహ్నం దాకా నిలబడ్డాడట. ఆవిడ కిటికీలోంచి వాళ్లిద్దరినీ చూసింది. నేను లేను.

గేటు దాటొద్దన్నారు గానీ గేటు దాకా రావొద్దని ఎవరన్నారు?

మా నాన్న దగ్గర పెరిగిన వాణ్ని, నాకిది తెలియదా? ఒకసారి పాలేరు ఏటి పక్క ఊళ్లో ఎవరిదో గేదె చచ్చిపోయిందని తెలిసి ఎనిమిది మైళ్లు సైకిల్ తొక్కుకుంటూ వెళ్లాడు. వాళ్లు మన సంఘంవాళ్లు కూడా కాదు. అరుగు మీద కూచున్నాడు, మజ్జిగ ఇస్తే తాగాడు, వచ్చేశాడు. "ఏం మాట్లాడారు" అని అమ్మ అడిగితే "ఏం మాట్లాడతాం" అన్నాడు. పలకరింపు అంటే అంతే కదా. ఆ మాటకి ఇంగ్లీషులో సరైన మాట నాకు ఇప్పటికీ దొరకలేదు గానీ, ఆ పోస్ట్‌మ్యాన్‌కి మాట లేకుండానే పని తెలుసు.

తర్వాత వెళ్లాను. ఆయన నన్ను ఖాళీ కొట్టంలోకి తీసుకెళ్లి, కడిగిన గచ్చు చూపించి, వానల గురించి మాట్లాడాడు. కోపం చూపించలేదు. చూపిస్తే బాగుండేది. గడియారం మాత్రం ఆగిపోయింది. మూడున్నర దగ్గర నెలల తరబడి అలాగే ఉంది. చివరికి నేనే శనివారం శనివారం గోపురం ఎక్కి కీ ఇవ్వడం మొదలుపెట్టాను. అది ఒక రోజు ముందు నడిచేది, ఒక రోజు వెనక. మరుసటి ఏడాది ఒక శనివారం మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది. "ఎక్కువ తిప్పుతున్నారు" అన్నాడు. హ్యాండిల్ నా చేతిలోంచి తీసుకున్నాడు. నేను కిందికి దిగి వచ్చేశాను. మందను మాత్రం మళ్లీ పెట్టలేదు, పచ్చికంతా గొర్రెలవాళ్లకి కౌలుకిచ్చేశాడు.

నువ్వు నాకన్నా మంచిదానివి, ఇంగ్లీషు కూడా వాళ్ల లాగే మాట్లాడతావు. కానీ మనవాళ్లకి పరాయి చోట ఒక జబ్బు ఉంటుంది, తప్పు చేయకుండా ఉండాలన్న జబ్బు. ఎవరైనా "వియార్ ఆల్‌రైట్" అంటే ఆ రోజే వెళ్లు. "ఊరికే ఇటు పోతూ ఆగాను" అని అబద్ధం చెప్పు, దేవుడు క్షమిస్తాడు.

ఆ ఊళ్లలో నీ మనుషులెవరు అంటే రిజిస్టర్‌లో ఉన్న ముప్ఫై మందే కాదు. మన దగ్గర సంఘం అంటే సభ్యులు. అక్కడ పారిష్ అంటే ఊరంతా. జన్మలో చర్చి గడప తొక్కనివాడికి కూడా ఆ చర్చిలో పెళ్లి చేసుకునే హక్కు ఉంది, ఆ ఆవరణలో చోటుంటే సమాధి హక్కు ఉంది. వార్డెన్ల ఎన్నికలో ఓటు కూడా ఉంది! నాకిది మొదట వింతగా, అన్యాయంగా కూడా అనిపించింది. పైకప్పు కారుతుందని తెలిసినప్పుడు చెక్కు రాసినవాళ్లలో సగం మంది నేనెప్పుడూ చూడనివాళ్లు. ఆ ఎనిమిది వందల ఏళ్ల రాళ్లకి సర్కారు మరమ్మతు చేయించదు, ఊరే చేయించుకోవాలి.

నవంబరు రెండో ఆదివారం రిమెంబరెన్స్. నువ్వు వెళ్లిన కొద్ది రోజులకే వస్తుంది కాబట్టి ఇప్పుడే చెప్తున్నా. ఆరు ఊళ్లకీ యుద్ధంలో పోయినవాళ్ల పేర్లు చెక్కిన రాయి ఉంటుంది. ఆరు చోట్లా పదకొండు గంటలకే రెండు నిమిషాల మౌనం. నువ్వు ఒక్కదానివే. అన్నిటినీ కలిపి పెద్ద ఊళ్లో ఒకటే చేద్దాం అని మాత్రం అనకు. ప్రతి ఊళ్లో ఒకరికి బాధ్యత అప్పగించు, ఏటా ఊరు మార్చి నువ్వు ఒక్కో చోట నిలబడు. పేర్లు ముందు రోజే ఊరివాళ్లతో చదివించుకుని పలకడం నేర్చుకో. వేల్స్ సరిహద్దు పేర్లు రాసినట్టు పలకవు.

ఆదివారం పరుగులు పెట్టకు. నా రోజుల్లో ఎనిమిదింటికి ఒక చోట 1662 నాటి పాత ప్రార్థన పుస్తకంతో ప్రభువు బల్ల, తొమ్మిదిన్నరకి ఇంకో చోట, పదకొండుకి మూడో చోట. ఆశీర్వాదం చెప్తూనే కారు తాళాలు తడుముకునేవాణ్ని. ఇప్పుడు ప్రతి చర్చిలో ప్రతి ఆదివారం ఆరాధన జరగాలన్న పాత నియమం లేదు, 2019లో సడలించారు. ఏడుగురే వచ్చే చర్చిని చూసి లెక్కలు వేయమని ఎవరైనా అంటారు, డయాసిస్‌కి కట్టే వాటా ఎంత, వచ్చేదెంత అని. లెక్కలు వెయ్. కానీ ఒక చలికాలం, ఒక ఎండాకాలం చూడకుండా నోరు విప్పకు.

కోత పండుగ ఈ ఏడాది నీకు అందదు. పై ఏడు చూడు, నీకు డోర్నకల్ గుర్తొస్తుంది. 1843లో కార్న్‌వాల్‌లో హాకర్ అనే ఒక పల్లెటూరి వికర్ దాన్ని ఈ రూపంలో మొదలుపెట్టాడట. మన దగ్గర వరి పనలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టేసిన కోళ్లు. అక్కడ ఆపిల్ బుట్టలు, పనలాగా చేసిన పెద్ద రొట్టె, ఫుడ్ బ్యాంకుకి ఇవ్వడానికి డబ్బాల బీన్సు. కొన్ని ఊళ్లలో మనలాగే హర్రాజు కూడా వేస్తారు. ఊరి హాల్లో భోజనాలకి మీ అత్తయ్య పులిహోర చేసుకెళ్లింది. మొదటి ఏడాది గిన్నె అలాగే తిరిగొచ్చింది. ఆమె ఏమీ అనకుండా రెండో ఏడాది మిరపకాయలు సగం చేసి మళ్లీ తీసుకెళ్లింది. నాలుగో ఏడాదికి "ఆ పసుపు అన్నం ఏది" అని వరసలో నిలబడి అడిగారు. ఆమె పోయినప్పుడు అక్కణ్నుంచి వచ్చిన కార్డుల్లో మూడింట్లో ఆ అన్నం ప్రస్తావనే ఉంది. నీకు చింతపండు పంపుతున్నాను, మీ అమ్మ చేతికిచ్చాను.

ఒక పని చేసిపెట్టు. మనసు కుదుటపడ్డాక, దారులు ఎండాక, ఏ మార్చిలోనో ఒక రోజు సెలవు తీసుకుని మా పాత ఊళ్ల వైపు వెళ్లు. దారి వేరే కాగితం మీద గీశాను. చిన్న చర్చి దాటాక ఎడమకి తిరిగితే కొండ ఎక్కే సందు, దాని చివర గేటు. ఆ రైతు ఉన్నాడో లేడో తెలియదు, లోపలికి వెళ్లనక్కర్లేదు. గేటు దగ్గర కారు ఆపి కాసేపు నిలబడు. పొలంలో గొర్రెలే ఉన్నాయో, తెల్ల మొహం ఆవులు ఏమైనా కనిపించాయో చూసి నాకు రాయి.

మీ
మామయ్య